పక్కింటాయన నల్ల బీరు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్ళో మా పక్కింటి పెద్దాయనది ఐర్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ తాత అక్కడ బీరు కాచేవాడట. ఆ తాత నేర్పిన పద్ధతిలోనే ఈయన తన గరాజ్‌లో స్టౌట్ అనే నల్ల బీరు చేసేవారు. మొలకెత్తించని బార్లీని నల్లగా మాడే దాకా వేయించి కలిపితేనే ఆ రంగూ, ఆ చేదూ వస్తాయనేవారు.

ఒక చలికాలం జబ్బుచేసి లేచాక ఆయనకు వాసన తెలియకుండా పోయింది; నాలుకకూ చేదు, పులుపు తప్ప ఏ రుచీ తెలిసేది కాదు. అప్పటినుంచి నన్ను పిలిచేవారు. మాది తెలుగు చర్చి కుటుంబం, మందు ముట్టం. నేను బీరు పీపా మూత తీసి వాసన మాత్రం చూసి చెప్పేదాన్ని: మాడిన రొట్టె, కాఫీ, కాస్త పులుపు. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు.

"పాస్టర్ గారు చూస్తే ఏమనుకుంటారు? కొంచెం అవాయిడ్ చెయ్యి" అనేవారు మావారు. నేను మానలేదు.

మార్చిలో ఐరిష్ పండుగకు ఆయన ఇంట్లో పార్టీ. మమ్మల్నీ పిలిచారు. ఆయన కొడుకు గ్లాసు తెచ్చి అందరి ముందూ తండ్రి చేతికిచ్చాడు.

"నాన్నా, నీ కొత్త స్టౌట్. ఎలా ఉందో చెప్పు."

పెద్దాయన నిదానంగా తాగారు. "మా తాత చేసింది అచ్చం ఇలాగే ఉండేది. ఇంతకాలానికి కుదిరింది" అన్నారు.

కొడుకు పగలబడి నవ్వాడు. "అది చల్లారిన కాఫీ, సోడా నీళ్ళూ. పొద్దున్న మిగిలింది."

గదంతా నవ్వింది. కోడలు ఫోన్‌లో వీడియో తీస్తూనే ఉంది. పెద్దాయన కూడా నవ్వబోయారు గానీ పెదాలు సాగలేదు. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డారు.

"ఇలా చెయ్యడం బాగాలేదు" అన్నాను కొడుకుతో.

"జోక్ అండీ. ఆయన రేపటికి మర్చిపోతాడు."

ఆయన మర్చిపోలేదు. తర్వాతి వారం గరాజ్‌లోకి పిలిచి, బీరు పులుస్తున్న పీపా మూత తీశారు. నిజంగానే అంత మంచి వాసన అంతకు ముందెప్పుడూ రాలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు.

"నీతో కూడా వాడే చెప్పించాడా?"

"లేదండీ, నిజం చెబుతున్నాను."

"గ్లాసిచ్చేటప్పుడు వాడూ నిజమన్నట్టే చెప్పాడు."

పీపాను వంచి, మొత్తం గరాజ్ బయట డ్రైవ్‌వే మీద పారబోశారు. మంచు మీద నల్లగా పారింది. నేను వద్దంటూ చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకున్నారు.

ఇప్పుడా గరాజ్‌లో కొడుకు ట్రెడ్‌మిల్ ఉంది. పెద్దాయన ఎదురుపడితే చలి గురించి రెండు మాటలు మాట్లాడి లోపలికి వెళ్ళిపోతారు.