కాన్వాయ్‌లో బోథ్‌కు

ఈ ప్రయాణం చేసి ఏడేళ్లయింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. పోయినేడు చర్చి వరండాలో పంతులమ్మ దగ్గర కూర్చుని, నలభై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

బోథ్‌లో మా అక్క మంచం పట్టిందనీ, మనుషులను గుర్తుపడుతుండగానే రమ్మనీ కబురొచ్చింది. చొప్పదండిలో తొలి బస్సు ఎక్కాను. కరీంనగర్‌లో ఆరున్నరకు ఇంకొకటి, మధ్యాహ్నం నిర్మల్‌లో మరొకటి. బస్సులోనే జొన్నరొట్టె తిన్నాను. రెండు గంటలకు కొండెక్కే ఘాటు రోడ్డు కింద ఆగిపోయాం. వానకు రోడ్డు సగం కూలింది. ముందు రెండు లారీలు, మధ్యలో మా బస్సు, వెనక కలప లారీ. టేకుచెట్ల తెల్లపూల మీదుగా మబ్బు దిగి కిటికీల్లోకి వచ్చింది.

"కాన్వాయ్ కడుతుండ్రు," అన్నాడు కండక్టర్.

"గదేంది బిడ్డా?"

"కూడుకొని పోయే బండ్లు. ఇంగ్లీషు మాట."

"మరి బస్సుల షెడ్డుల కూడి నిలవడ్డయి గూడ కాన్వాయేనా?"

పక్క సీటు ముసలాయన నవ్వాడు. "అవి ఉత్త బండ్లే బిడ్డా. ఒక్క తొవ్వ పట్టి, ఒగదాన్నొగటి ఇడువకుంట పోతెనే కాన్వాయ్."

చివరి లారీకి ఎర్రజెండా ఇచ్చారు. ఆ జెండా పైకి చేరితేనే ఎదుటివైపు బండ్లను వదులుతారట. సగం ఎక్కాక ఆ లారీయే బురదలో దిగబడింది. అన్నీ ఆగాయి. ముందున్న రెండు లారీల అవతల తొవ్వ ఖాళీగానే ఉంది.

డ్రైవర్ దగ్గరికి పోయాను. "మా అక్కకు పానం మీదికొచ్చింది నాయినా. మనం పోదాం."

"దాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోతమక్కా? గుంజే తాడు మన బండ్లనే ఉన్నది."

నాకు ఏడుపొచ్చింది. ముసలాయన అప్పటికే పంచె ఎగగట్టాడు. "ఏడుస్తె లారీ లేస్తదా? దిగు, రాళ్లు ఏరు!"

దిగాను. మబ్బులో మనుషులు కనబడటం లేదు, మాటలే వినబడుతున్నాయి. చక్రాల కింద రాళ్లు, కొమ్మలు వేశాం. తాడు కట్టి బస్సుతో లాగారు. గంట పట్టింది. లారీ మూలుగుతూ లేచింది.

బోథ్ చేరేసరికి దీపాలు పెడుతున్నారు. అక్క కళ్లు తెరిచి నా చేతులు తడిమింది.

"రూతూ, గీ బురదేందే?"

"లారీ కింద రాళ్లు ఏసినక్కా."

"అక్కను సూడవొచ్చి గదేం పనే!" అని నవ్వింది. నిద్రపోయేదాకా నా చెయ్యి వదలలేదు.

మరునాడు పొద్దున ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేను జావ కాచి, నా పేరు చెప్పి, చెంచాతో తాగించాను.