మొలగొలుకుల గింజంత సందు

గేర్ సైకిళ్లు మా నాయుడుపేట బజారులోకి కొత్తగా దిగిన ఆ రోజుల్లో, టైరు ఎంత లావుంటే దాన్ని తొక్కే మనిషికి అంత మర్యాద. సన్న టైరు వేసుకుని వచ్చినవాడికి టీ అంగడి బల్ల మీద ఎవరూ జరిగి చోటిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిచ్చిలో ముప్పాతిక వంతు జనానికి ఎక్కించింది నేనే. అప్పుడు నాకు ఇరవయ్యొక్కేళ్లు. ఐటీఐలో ఫిట్టరు పాసై, హైవే పక్కన ఒక సైకిలు షాపులో చేరి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లోనే సైకిలు గురించి తెలుసుకోవలసిందంతా తెలిసిపోయిందని నా నమ్మకం (నమ్మకానికి ఐటీఐలో పరీక్ష లేదు, ఉంటే అందులోనూ ఫస్టు వచ్చేవాణ్ణి).

షాపు ఓనరును ఊరంతా స్పోకులన్న అనేవాళ్లు. సన్నగా, బిగుతుగా ఉండేవాడు, మాట తక్కువ. ఇక మా నాయన. మాది చిట్టమూరు వైపు పల్లె. వరి తప్ప లోకంలో ఇంకో పని ఉందని ఆయన ఒప్పుకునేవాడు కాదు. నేను షాపులో చేరిన రోజున, "ఇనుముతో నీకేం పనిరా. నాట్లు మొదలయ్యేలోపల వాళ్లే నిన్ను పంపించేస్తారు. వచ్చి మడిలో దిగుదువులే" అన్నాడు. "పంపిస్తే అప్పుడు చూద్దాంలే నాయనా" అని నేను రోషంగా బస్సెక్కాను. అంటే ఉద్యోగం పోయిందంటే నేను నేరుగా మోకాటి లోతు బురదలోకి, అదీ గట్టు మీద నిలబడి నవ్వే మా నాయన ఎదుట, దిగాలన్నమాట. నాకు బురద కన్నా ఆ నవ్వంటేనే భయం.

మా ఇంట్లో సన్నపాటి కొలతలన్నిటికీ వడ్లగింజే ఆధారం. తలుపు బిగుతుగా పడుతుంటే "గింజ మందం చెక్కితే చాలు" అనేవాడు నాయన. గోడ పగిలితే అందులో గింజ పెట్టి చూసేవాడు. దూరితే మేస్త్రీకి కబురు వెళ్లేది, దూరకపోతే గోడ ఇంకో ఏడు ఆగేది. ఇంటి తిండికని ఆయన అరెకరంలో మొలగొలుకులు వేసేవాడు. మా నెల్లూరు వాళ్లం గొప్పగా చెప్పుకునే సన్న వడ్లు అవి. నూర్పిళ్లకు నేను వేసుకున్న చొక్కా జేబులో ఆ గింజలు నాలుగైదు ఎప్పుడూ ఉండేవి, ఎన్నిసార్లు ఉతికినా పోయేవి కాదు.

ఆ ఏడు దొరవారిసత్రం కుర్రాళ్లు ఒక ఆదివారం సైకిళ్ల పందెం పెట్టారు. బడి ముందు బయల్దేరి, తారు రోడ్డు దాటి, పులికాట్ సరస్సు ఒడ్డు వెంట మట్టి దారిలో పోయి, మళ్లీ బడి దగ్గరికే రావాలి. పందెం కబురు వినగానే ముందుగా షాపుకొచ్చింది డ్రిల్లు సారు. హైస్కూల్లో పిల్లలచేత కసరత్తు చేయించి చేయించి తాను మాత్రం తొంభై కిలోలకు చేరిన మనిషి. "అబ్బయా, ఒడ్డున నేల మెత్తగుంటాది. టైరు లావుంటే దిగబడదంట. ఫోనులో చూసినా" అన్నాడు. స్పోకులన్న ఆ వారమంతా తిరుపతిలో బంధువుల పెళ్లికి పోయాడు. షాపుకు నేనే రాజు. ఒకటి పాయింటు తొంభై ఐదు అంగుళాల టైర్లు తీసేసి రెండు పాయింటు ముప్పై ఐదు అంగుళాల లావు టైర్లు ఎక్కించాను. వెనక చక్రాన్ని ఫ్రేములో కూర్చోబెట్టేసరికి టైరుకూ, రెండు పక్కల గొట్టాలకూ మధ్య సందు ఉందా లేదా అన్నట్టుంది. జేబులోంచి మొలగొలుకుల గింజ తీసి పెట్టి చూశాను. అటు దూరింది, ఇటూ దూరింది. "సరిపోయింది సార్, గింజ దూరింది" అన్నాను. "దూరిందా, ఇంకేం" అని ఆయనా తృప్తిపడ్డాడు (ఆయనదీ వరి పండించే ఇల్లే). ఆ సైకిలు చూసి మూడు రోజుల్లో మరో నలుగురు వచ్చారు. వాళ్లకీ అవే టైర్లు, అదే గింజ. పందేనికి పేర్లిచ్చింది ఆ అయిదుగురే.

శనివారం పొద్దుగూకే వేళకు స్పోకులన్న పెళ్లి నుంచి వచ్చాడు. గోడకు వేలాడవలసిన లావు టైర్లు ఒక్కటీ లేవు. "యాడికి బోయినాయిరా?" అన్నాడు. చెప్పాను. గర్వంగానే చెప్పాను.

"వెనకమాల సందు ఎంతొచ్చినాది?"

"గింజ పట్టిందన్నా."

"ఏ గింజ?"

"మొలగొలుకులు."

ఆయన చేతిలోని లడ్డు పొట్లం బల్ల మీద పెట్టాడు. "నిలబెట్టిన సైకిలుకు కొలిచినావు. మనిషి కూర్చోని తొక్కితే చక్రం అటూ ఇటూ వొంగదా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. వాన చూసి ఆయన ముఖం ఇంకా బిగుసుకుంది. అయిదుగురివీ అయిదు పల్లెలు, సైకిళ్లు వెనక్కి తెప్పించే వ్యవధి లేదు. "రేపు నీ పానాలు తీసుకుని వాళ్లెంట బో. ఆ అయిదింట్లో ఒక్కటి నెట్టుకుంటా వచ్చినా సోమవారం నువ్వు షాపుకు రావాకు" అన్నాడు. ఆ లడ్డు నాకు పెట్టలేదు.

ఆదివారం పొద్దున డ్రిల్లు సారు పెడలు మీద కాలు వేయగానే వెనక చక్రం 'సుర్రు సుర్రు'మంది. మిగతా నాలుగూ అదే పాట అందుకున్నాయి. స్పోకులన్న పాత నల్ల సైకిలు మీద నేను వాళ్ల వెనకాల. "ఏందబ్బయా ఈ సద్దు?" అని సారు అడిగితే, "కొత్త టైరు గదా సార్, అలవాటు పడతాది" అన్నాను (టైరు కాదు, ఫ్రేము అలవాటు పడాలి. దాని ఎర్ర రంగు అప్పటికే పొడిపొడిగా రాలుతోంది). తారు రోడ్డు మీద ఎలాగో నడిచింది. సరస్సు ఒడ్డుకు దిగాక అసలు కథ మొదలైంది. రాత్రి వానకు నల్లమట్టి నాని జిగురైపోయింది. లావు టైరు దిగబడలేదు, ఫోనులో చెప్పింది నిజమే. కాకపోతే దారిలోని మట్టినంతా తనతోపాటు పైకి తెచ్చుకుంది. ఆ మట్టి పోవడానికి నేను వదిలిన తోవ మొలగొలుకుల గింజంత. నూరు బారలు పోయేసరికి మట్టి ఫ్రేములో దట్టించుకుని అయిదు చక్రాలూ బిగుసుకుపోయాయి. అయిదుగురూ దిగి, వరసగా వంగి, చేతులతో బురద లాగుతున్నారు. ఆ వరసంతా నా చేతి చలవే.

అప్పుడు వెనక నుంచి బెల్లు మోగింది. సరస్సు పక్క పల్లె నుంచి రోజూ నాయుడుపేటకు చేపలు తెచ్చే మనిషి, బజారంతా చేపల మామ అని పిలిచే ఆయన, తన డొక్కు సైకిలు మీద గంప కట్టుకుని ఆ బురదలోనే తాపీగా వస్తున్నాడు. మా దగ్గర కాలు దించి, వంగి ఉన్న అయిదుగురినీ ఆ కొస నుంచి ఈ కొసదాకా చూశాడు. "ఏందబ్బయా, పందెమా, నాట్లా?" అన్నాడు.

ఆ మాట సూటిగా నా గుండెకే తగిలింది. గట్టు మీద నిలబడి నవ్వే మా నాయన కళ్ల ముందు మెదిలాడు. ఉన్న సంగతంతా చెప్పాను. మామ నవ్వలేదు. తన సైకిలు చూపించాడు. మడ్‌గార్డులు ఎప్పుడో పీకేశాడు. టైరుకూ ఫ్రేముకూ మధ్య బొటనవేలు పెట్టి చూపిస్తూ, "మట్టిని రావద్దంటే ఇంటాదా? వచ్చిన మట్టి పోయేదానికి తోవ ఇడవాల" అన్నాడు. నా చూపు ఆయన గంప మీద పడింది. పైనున్న చేపలకు పక్క రెక్కలు కోసేసి ఉన్నాయి. నా టైర్లకు అంచుల వెంట బయటికి పొడుచుకొచ్చిన రబ్బరు గుబ్బలూ కనపడ్డాయి. ఫ్రేముకు రాసుకునేది అవే. "మామా, ఆ రెక్కలు కోసే కత్తి ఇస్తావా?" అన్నాను.

"కొత్త టైర్లురా" అని డ్రిల్లు సారు అడ్డం వచ్చాడు. "సార్, టైరు కావాల్నా, పందెం కావాల్నా?" అన్నాను. నాలుగు నెలల ఉద్యోగంలో నేను ధైర్యంగా అన్న మాట అదొక్కటే. మామ చక్రాన్ని జారే చేపను పట్టినట్టు ఒడుపుగా పట్టుకున్నాడు. "కత్తి తడుపుకోవాల, ఏటవాలుగా దిగాల" అని చెబుతుంటే నేను సరస్సు నీళ్లలో కత్తి ముంచి, ఒక్కో గుబ్బా కోసుకుంటూ పోయాను. మొదటి టైరుకు కత్తి రెండుసార్లు జారింది. మూడోదానికి ఊపు వచ్చింది. అయిదో టైరు అయ్యేసరికి పుట్టినప్పటి నుంచీ ఇదే పని అన్నట్టు కోస్తున్నాను. మట్టి కడిగేసి చూస్తే బొటనవేలు కాదు గాని చిటికెనవేలు దర్జాగా దూరింది. చక్రం తిప్పాను. సద్దు లేదు. ఆ నిశ్శబ్దం విన్నప్పుడు కలిగిన సంతోషం నాకు ఫస్టుక్లాసు వచ్చినప్పుడు కూడా కలగలేదు. డ్రిల్లు సారు అయిదు సైకిళ్లనూ గీత గీసినట్టు నిలబెట్టి, మెడలోని ఈల ఊది, పందేన్ని అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు.

బడి ముందు స్పోకులన్న నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన మా నాయన. (నా ఉద్యోగం ఊగుతోందని ఆయనకు ఎవరు చేరేశారో గాని, తలగుడ్డ చుట్టుకుని నన్ను తీసుకుపోవడానికి సిద్ధంగా వచ్చాడు.) ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అన్నీ మనుషుల్ని మోసుకుంటూ వచ్చాయి, ఒక్కటీ నెట్టుకుంటూ రాలేదు. సారుది మూడో స్థానం, అయినా చేతులు వదిలేసి మరీ గీత దాటాడు. స్పోకులన్న వంగి, కోసిన అంచు మీద వేలితో రాసి చూశాడు. "ఎవురు గోసింది?" "నేనే అన్నా. చేపల మామ పట్టుకున్నాడు." ఆయన లేచి చేతులు దులుపుకుని, "సోమవారం పెందలాడే రా" అన్నాడు.

నాయన మెల్లగా దగ్గరికొచ్చి, "ఇంతకీ యేం గింజతో గొలిచినావురా?" అని అడిగాడు. చెప్పాను. "కనీసం లావు వడ్లతోనన్నా గొలవకపోతివి గదరా" అని నవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు నెలలుగా నేను భయపడిన నవ్వే అది. తీరా వచ్చాక అందులో నాకు భయపడవలసింది ఏమీ కనపడలేదు, నేనూ నవ్వేశాను. "నాట్లకు మనుషుల్ని మాట్లాడుకుంటాలే. నువ్వు నీ పని చూసుకో" అని నా భుజం మీద చేయి వేసి, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నెల్లూరులో నాకు సొంత షాపుంది. లావు టైర్లు కావాలని వచ్చేవాళ్లకు ముందుగా బొటనవేలు చూపించి, ఇది దూరితేనే వేస్తానని చెబుతాను. మొలగొలుకులు వేసేవాళ్లు మా వైపు ఇప్పుడు అరుదు. మా నాయన మాత్రం మానలేదు, నేను ఊరికి వెళ్లినప్పుడల్లా నా జేబులో నాలుగు గింజలు వేసి పంపుతాడు. షాపులో ఎవరూ లేనప్పుడు, కొత్త టైరు ఎక్కించగానే నేను ముందు గింజే పెట్టి చూస్తాను. అది దూరుతుంది. అది ఎప్పుడూ దూరుతుంది. "సరిపోయింది సార్" అన్న ఆ ఇరవయ్యొక్కేళ్లవాడు గుర్తొచ్చి కాసేపు నవ్వుకుని, అప్పుడు బొటనవేలు పెడతాను.