అరచేతిలో లారీ నంబరు

నేను టీచర్ని. కైకలూరు దగ్గర ఒక ఊరికి బదిలీ మీద వచ్చిన మొదటి నెలలో జరిగింది ఇది. ఉదయం బడికి వెళుతుంటే, చర్చి మలుపులో చేపల లారీ నుంచి కారిన ఐసు నీళ్ల మీద నా స్కూటీ జారింది. మోచెయ్యి గీసుకుపోయింది. లారీ ఆగలేదు. దాని నంబరు అరచేతి మీద రాసుకుని, నీచు వాసన కొట్టే చీరతోనే పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. అప్పుడే అక్కడ మీటింగు జరుగుతోంది.

వీధిదీపాలు, కుళాయిలు, కుక్కల గొడవలు అయ్యాక నా వంతు వచ్చింది. "ఈ ఊళ్లో లారీలున్న వాళ్లకి రోడ్డు మీద మనుషులు కనపడరా అండీ?" అని మొదలుపెట్టి, నంబరు గట్టిగా చదివాను.

పక్కనున్న పెద్దాయన నా చెవి దగ్గర, "అది ప్రెసిడెంటు గారి లారీ అండీ" అన్నారు.

ఎదురుగా కుర్చీలో ఉన్నది ఆవిడే.

ఆవిడ సెక్రటరీ వైపు తిరిగారు. "ఫిర్యాదు ఎవరి మీద అన్నచోట నా పేరే రాయండి. కింద ఐసు నీళ్లు పట్టే డ్రమ్ము కట్టని చేపల లారీ ఇక మన ఊళ్లోంచి వెళ్లకూడదు. ముందు మా లారీకే కట్టిస్తాను." తర్వాత నాతో, "తప్పు మాదేనండి. చెయ్యి డాక్టరుకి చూపించుకున్నారా?" అన్నారు.

మూడో రోజుకే ఆ లారీ కింద నీలం డ్రమ్ము కనిపించింది.

తప్పు ఒప్పుకోవాలని ఇరవయ్యేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను. ఎలా ఒప్పుకోవాలో మాత్రం ఆ రోజే చూశాను.