పదకొండు నిమిషాలు చూసినాయన

పొద్దున లేవగానే, పళ్ళయినా తోముకోకముందే, ఆమె ఫోనులో ఒక అంకె చూసుకుంటుంది. పద్నాలుగు రోజులుగా ఆ అంకె మారలేదు. పదకొండు. తన సినిమాను తొలిసారి తెరమీద వేస్తామని ఉత్తరం రాసిన చిత్రోత్సవం వాళ్ళు ఆ సినిమాను చూసింది పదకొండు నిమిషాలు.

సినిమాను ఉత్సవానికి పంపడమంటే ఇప్పుడు డబ్బాలు మోసుకెళ్ళడం కాదు. ఇంటర్నెట్‌లో పెట్టి, పాస్‌వర్డుతో లింకు పంపుతారు. మామూలుగా అందరికీ ఒకటే లింకు పోతుంది. ఆమె మాత్రం ఒక్కో ఉత్సవానికి ఒక్కో లింకు తయారు చేసింది. అలా చేస్తే ఎవరు తెరిచారో, ఎన్ని నిమిషాలు చూశారో, ఎక్కడ ఆపేశారో తెలిసిపోతుంది. ఇరవై మూడు ఉత్సవాలకు పంపితే ఇరవై రెండు చోట్ల నుంచి ‘మీ చిత్రం మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది, అయితే’ అని మొదలయ్యే జవాబులే వచ్చాయి. అంతగా ముగ్ధులైనవాళ్ళలో ఆరుగురు లింకే తెరవలేదు.

ఎడిటింగ్ గదుల్లో ఆమెను కత్తెర అంటారు. ఇరవై ఒక్క ఏళ్ళపాటు ఇతరుల సినిమాలు, సీరియళ్ళు, ప్రకటనలు కోసి అతికించింది. మనిషి నవ్వు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడికొచ్చేసరికి అబద్ధమవుతుందో ఫ్రేము ఫ్రేముగా చూసిన కళ్ళు అవి. గది బయటికి వచ్చాక కూడా ఆ కళ్ళు మూతపడవు. కూరగాయలు తూచేవాణ్ణీ, పలకరించడానికొచ్చిన బంధువులనూ అదే చూపు చూస్తుంది. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే భర్త అప్పుడప్పుడూ అంటుంటాడు, మా ఆవిడకు దగ్గరిదీ కనిపిస్తుంది, దూరానిదీ కనిపిస్తుంది, మధ్యలో ఉన్నదే కనిపించదని.

నలభై ఆరో ఏట తన సినిమా తానే తీసుకుంది. కథ అక్కది. అక్క రైల్వే స్టేషన్లో ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు భద్రపరిచే కౌంటర్లో గుమస్తా. సినిమాలో గుమస్తా వేషమూ ఆమెదే. నటించాలి అంటే, నటించడం నావల్ల కాదు, నా పని నేను చేసుకుంటాను, నువ్వు తీసుకునేది తీసుకో అంది. అలాగే తీశారు, సెలవు రోజుల్లో, స్టేషన్ మాస్టరు కాళ్ళావేళ్ళా పడి.

ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిన సాయంత్రం ఇంట్లో అందరూ సంబరపడుతుంటే కత్తెర మాత్రం అంకె చూసుకుని మొహం ముడుచుకుంది. నూట మూడు నిమిషాల సినిమాలో పదకొండు నిమిషాలు చూసి ఎంపిక చేశారంటే ఏమనుకోవాలి? ఖాళీ పూరించడానికి తీసుకున్నారా? తర్వాత ఏదో ఒకటి అడుగుతారా? భర్త ఆమెకు సర్దిచెప్పబోయాడు.

“నేను నిన్ను ఒప్పుకోడానికి పదకొండు నిమిషాలు కూడా పట్టలేదుగా.”

“అందుకే అడుగుతున్నా” అంది ఆమె.

ఆమె భయానికి ఒక కారణం ఉంది. ఈ వ్యవహారంలో తొలి ప్రదర్శన అనేది ఒక్కసారే ఉంటుంది. పేరున్న ఉత్సవాలు ఎక్కడా వెయ్యని సినిమానే కోరతాయి. దాన్ని చిన్నచోట ఖర్చు పెట్టేస్తే ఇక పెద్ద తలుపులు తెరుచుకోవు. అలాగని పట్టుకు కూర్చుంటే, ఇరవై రెండు మంది వద్దన్న సినిమా అలమరలోనే ఉండిపోవచ్చు. రెండు రోజులు కిందా మీదా పడి, ఒప్పుకుంటున్నట్టు జవాబు రాసింది. అక్క మూడు రోజులు సెలవు పెట్టి తోడొచ్చింది.

ఉత్సవం ఒక పాత పత్తి గోదాములో జరుగుతోంది. నాలుగు హాళ్ళు, మెట్ల కింద టీ కౌంటరు, గోడల నిండా పోస్టర్లు. తన పోస్టరు మంచినీళ్ళ యంత్రం వెనక సగం దాగి ఉండటం కత్తెర చూసింది. ఎవరో కావాలనే పెట్టారనుకుంది. మూడొందల కార్డులు అచ్చేయించుకొచ్చింది. దారిలో కనిపించినవాళ్ళకల్లా ఒకటి ఇచ్చి, శనివారం పదిన్నరకు, మూడో హాలు అని చెప్పింది. ఇచ్చాక వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడి, చెత్తబుట్టలోకి తొంగిచూసింది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నాలుగు కార్డులు బుట్టలో దొరికాయి. వాటిని తుడిచి మళ్ళీ సంచిలో వేసుకుంది.

“ఏమే, మా కౌంటర్లో ఉద్యోగం ఇప్పించనా? పారేసినవి ఏరడం బాగానే వచ్చినట్టుంది” అంది అక్క.

సినిమాలు ఎంపిక చేసే పెద్దమనిషి ఆ టీ కౌంటరు దగ్గరే ఎదురుపడ్డాడు. వేసవిలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని తిరిగే మనిషి. కత్తెర వెంటనే తన ప్రశ్న తీసింది. దాన్ని ఆమె రైల్లోనే సిద్ధం చేసుకుంది. చివరి సీను మీకు ఎలా అనిపించిందండీ అని మామూలుగా అడిగినట్టే అడిగింది. సినిమా ఆఖరున గుమస్తా షట్టరు దించి, తాళం వేసి వెళ్ళిపోతుంది. చూసినవాడైతే షట్టరు గురించి చెప్పాలి. చూడనివాడైతే అద్భుతం అంటాడు.

మఫ్లరాయన టీ కప్పు కింద పెట్టాడు.

“ఎంపిక చేసే మేం ముగ్గురం, ఎవరింట్లో వాళ్ళం, ఆ గొడుగుల దగ్గర కదల్లేదు మేడమ్. నేను రెండోసారి వేసుకుని చూశాను.”

కత్తెర పైకి మాత్రం నవ్వింది. ఆ సినిమాలో గొడుగుల్లేవు. ఒకప్పుడు ఉన్నాయి. వానాకాలం అయిపోయాక, ఎవరూ అడగడానికి రాని గొడుగులు తుప్పు పట్టకుండా అక్క ఒక్కొక్కటీ తెరిచి నేల మీద ఆరబెడుతుంది. ముప్ఫై ఒక్క గొడుగులు. కెమెరా కదలదు. గొడుగులు పెరుగుతూ పెరుగుతూ గది నిండిపోయి, చివరికి మనిషి కనిపించదు, గొడుగు తెరుచుకునే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. తొమ్మిది నిమిషాల షాటు. మార్చిలో ఒక వర్క్‌షాపులో పేరుమోసిన సలహాదారు, గొడుగులారబెట్టడం ఎవరు చూస్తారమ్మా అన్నాడు. ఆమె ఆ రాత్రే కోసేసింది. కోసినట్టు అక్కకు చెప్పలేదు. ఆ సలహాదారు తప్ప బయటివాళ్ళెవరూ ఆ సీను చూడలేదు. శబ్దం పట్టిన కుర్రాళ్ళ మేస్త్రీ, అదే సౌండు ఇంజనీరు, చూశాడు. ఇంకెవరున్నారు?

వరండాలోకి వెళ్ళి అతనికి ఫోను చేసింది. మెల్లగా మొదలుపెట్టి, చివరికి సూటిగానే అడిగేసింది, పాత కాపీ ఎవరికైనా ఇచ్చావా అని. పదిహేనేళ్ళుగా కలిసి పని చేసిన మనిషి.

“అక్కా, నీ సినిమా దొంగిలించేటంత డిమాండు దానికుంటే మనం ఈపాటికి బాగుపడేవాళ్ళం” అన్నాడతను. ఫోను మాత్రం తనే పెట్టేశాడు.

అతను కాకపోతే ఎవరు? మెట్ల మీద కూర్చుని పాత ఈమెయిళ్ళన్నీ వెనక్కి తిప్పుకుంటూ పోయింది. జనవరిదాకా వెళ్ళాక దొరికింది. అందరికంటే ముందు దరఖాస్తు పెట్టింది ఈ ఉత్సవానికే, సీను కోయకముందే. అప్పుడు పంపిన లింకు వేరు. ఏప్రిల్లో కొత్త కాపీ తయారయ్యాక మరో లింకు పంపింది, పాతదాన్ని పక్కన పడేసి మళ్ళీ దానివైపు చూడలేదు. ఇప్పుడు తెరిచి చూస్తే, దాన్ని మూడు చోట్ల చూశారు. మూడుసార్లూ నూట పన్నెండు నిమిషాలు, ఆసాంతం. ఒకచోట గొడుగులున్న తొమ్మిది నిమిషాలు రెండోసారి.

కొత్త లింకుతో పాటు తను రాసిన వాక్యం కూడా అక్కడే ఉంది: ‘శబ్దంలో కొద్దిపాటి సవరణలు చేశాను, దయచేసి ఈ లింకు వాడగలరు.’ ముగింపు మార్చానని రాస్తే, మళ్ళీ మొదటినుంచి పరీక్షిస్తారేమో, అదే సాకుగా పక్కన పెట్టేస్తారేమో అని ఆ రోజు బాగా ఆలోచించి రాసిన వాక్యం అది. మఫ్లరాయన దాన్ని నమ్మాడు. పదకొండు నిమిషాలు శబ్దం విని, బాగుందనుకుని మూసేశాడు.

ఆయన గది మూడో అంతస్తులో. విషయం చెప్పడానికి ఆమెకు ఎక్కువ మాటలు పట్టలేదు. ఆయన మఫ్లరు విప్పి బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు. మేం ఎంచుకున్నది గొడుగులున్న సినిమా, రేపు తెరమీదకు వచ్చేది అవి లేని సినిమా, మిగతా ఇద్దరికీ నేనేం చెప్పాలి అన్నాడు. ప్రదర్శన రద్దు చేయమని నిబంధనలు చెబుతున్నాయి. ఆయనకు మాత్రం అది ఇష్టం లేదు. అసలు ఎందుకు తీసేశారని అడిగితే సలహాదారు సంగతి చెప్పింది.

“సాయంత్రం ఆరింటికి ప్రొజెక్షన్ గదిలో పరీక్ష ఉంది. మేం చూసిన ముగింపు తెచ్చుకుంటే సినిమా ఉంటుంది. లేకపోతే ఉండదు. మీ ఇష్టం మేడమ్.”

గొడుగుల షాటు ఆమె దగ్గరే ఉంది. ఎవర్నీ నమ్మదు కాబట్టి సినిమాకు సంబంధించిన ముక్కముక్కా ఒక హార్డ్ డిస్కులో వేసుకుని సంచిలోనే మోస్తుంది. కానీ ఆ తొమ్మిది నిమిషాలకు శబ్దం సరిచేయలేదు, రంగులు దిద్దలేదు. తొలి ప్రదర్శనకు అరకొర సరుకు పెట్టాలి. ఈ మఫ్లరాయన్ని నమ్మి పెట్టాలి. ఆయన మెచ్చుకున్నాడు, మెచ్చుకునేవాళ్ళ మాట ఆమెకు ఎప్పుడూ గొంతు దిగదు.

హోటలు గదిలో అక్క బట్టలు మడత పెడుతోంది. రేపటికి వేసుకోవాల్సినవి కుర్చీ మీద పరిచి ఉన్నాయి. కత్తెర తలుపు దగ్గరే నిలబడి మొత్తం చెప్పింది, నీ సీను తీసేశాను, మార్చిలోనే, నీకు చెప్పలేకపోయాను అని. అక్క మడత ఆపలేదు.

“ఎవరు తీసెయ్యమన్నారు?”

సలహాదారు అని చెప్పింది.

“ఆయన ఎన్ని నిమిషాలు చూశాడు?”

“లింకు పంపలేదక్కా. నా ఎదురుగానే, నా ల్యాప్‌టాప్ మీద చూశాడు.”

“కదలకుండా?”

కత్తెర ఆ రోజును మనసులో వెనక్కి తిప్పుకుంది. రెండు ఫోన్లు వచ్చాయి ఆయనకు. మొదటిది అక్కడే మాట్లాడాడు. రెండోదానికి లేచి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పేర్లు పడుతున్నాయి.

“ఫోనొచ్చింది” అంది.

“ఎప్పుడు?”

“చివర్లో.”

అక్క ఒక చీర మడిచి పెట్టెలో పెట్టింది. “మెచ్చుకున్నవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తావు. తిట్టాడంటే చాలు, దేవుడైపోతాడు నీకు. గొడుగుల్లేనిదాన్ని ఇరవై రెండు చోట్ల వద్దన్నారు, ఉన్నదాన్ని ఒకచోట రమ్మన్నారు. ఇంకా ఏం తేలాలే నీకు?”

“శబ్దం బాగాలేదక్కా అందులో.”

“మా గదిలో శబ్దం అలాగే ఉంటుంది.”

నాలుగుంబావుకు హోటలు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. షట్టరు దించే షాటుకు ముందు కోత పెట్టి, గొడుగులను మళ్ళీ లోపల పెట్టింది. అతుకు దగ్గర రంగు తేడాగా కనిపిస్తోంది. చేయగలిగింది చేసింది. ఐదున్నరకు ఫైలు తయారైంది. మధ్యలో సౌండు ఇంజనీరుకు ఫోను చేసి క్షమాపణ చెప్పింది. అతను, సర్లే, ఆ గొడుగుల చప్పుడు ఎక్కువ పెంచొద్దని మాత్రం చెప్పాడు.

ప్రొజెక్షన్ గదిలో కూర్చునే పెద్దాయన ఫైలు వేసి చూసి, చివర్లో శబ్దం పడిపోతోందమ్మా, నేను చేత్తో పెంచుతాలే అన్నాడు. మీరు మర్చిపోతారేమో అంది ఆమె. ఆయన తలెత్తి ఆమెవైపు చూసి, పక్కనున్న స్టూలు కాలితో ఆమెవైపు జరిపాడు.

అందుకని శనివారం ఉదయం తన సినిమా తొలి ప్రదర్శనను ఆమె హాల్లో కూర్చుని చూడలేదు. అక్క మూడో వరుసలో మఫ్లరాయన పక్కన కూర్చుంది. ఆమె పైన స్టూలు మీద కూర్చుని, చిన్న కిటికీలోంచి తలలు లెక్కపెట్టింది. నూట నలభై సీట్లలో అరవై మూడు మంది. గొడుగులు మొదలవగానే పెద్దాయన చెయ్యి మీట మీదకు వెళ్ళింది. ఆమె చూపు మాత్రం తలుపు మీదే ఉంది. పదో గొడుగు దగ్గర ఇద్దరు లేచి వెళ్ళారు. ఇరవయ్యో గొడుగు దగ్గర ఎవరో నవ్వారు, అది వెక్కిరింపో కాదో పైనుంచి తెలియలేదు. గది మొత్తం గొడుగులతో నిండి అక్క కనిపించకుండా పోయేసరికి హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. మిగిలిన అరవై ఒక్క మందీ దీపాలు వెలిగేదాకా ఉన్నారు.

ఆమె కిందికి దిగేసరికి తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పన్నెండు నలభై ఐదు సినిమా తొమ్మిది నిమిషాలు ఆలస్యమని. ఆ సినిమా దర్శకుడు కార్డుల కట్ట పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె బ్యాడ్జీ మీద అక్షరాలు చదువుకుని, దగ్గరకొచ్చి, పక్క హాల్లో ఒంటిగంటకు పెద్ద సినిమా ఉందని మీకు తెలుసు కదా అన్నాడు.

“తెలీదు” అంది కత్తెర.

“మీ సినిమా నూట మూడు నిమిషాలని ఉత్సవం వాళ్ళ పుస్తకంలో ఉంది. నా జనాన్ని అటు పంపడానికి కాకపోతే, ఈ తొమ్మిది నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయండీ?”

జరిగింది జరిగినట్టు, జనవరి లింకు దగ్గర్నుంచి చెప్పింది. అతను అంతా విని, ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, తలాడించి వెళ్ళిపోయాడు. నమ్మలేదు. అతని సినిమా పన్నెండు యాభై నాలుగుకు మొదలైంది.