పదహారు మార్కుల ఓడ

మా అక్కకూ నాకూ అమ్మానాన్నలు ఒకటే, పుట్టిన ఇల్లు ఒకటే, దేశాలు మాత్రం వేరు. పాండిచ్చేరిలో ఇదేమీ వింత కాదు. అక్కను చేసుకున్న మా బావ ఫ్రెంచి బడిలో చదివి, ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఆ దేశం పాస్‌పోర్టుతోనే పాండిచ్చేరి ఉప్పళంలో కాపురం పెట్టాడు. అక్కకూ అదే పాస్‌పోర్టు వచ్చింది. నన్ను ఆ పక్క పల్లె కిరుమాంబాక్కంలో రైతుకిచ్చారు. నేను వరి, వేరుశనగ, ఆవులతో ఉండిపోయాను.

యాభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఊళ్ళో సాయంత్రం బడి పెట్టినప్పుడు తమిళం నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు మా కోడలు నేర్పింది. ఆమెది నెల్లూరు వైపు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా మా వాళ్ళలో ఆ రాత ఎవరికీ తెలియదు. బావకు ఫ్రెంచి వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తమిళం వచ్చు, పెళ్ళాంతో మాట్లాడే భాష మాత్రం చదవలేడు. ఈ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నాను.

అనడానికి కారణం ఉంది. సాయంత్రం బడిలో మొదటి పుస్తకం అయ్యాక ఒక పరీక్ష పెట్టారు. పేరు, ఊరు, నాలుగు వాక్యాలు. టీచరమ్మ నాకు నూటికి నూరు వేసింది. ఆ కాగితం పట్టుకుని బస్సెక్కి ఉప్పళం పోయాను. బావ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "నాలుగు తప్పులుంటే నూరా? ఇది మార్కు కాదమ్మే, తాంబూలం" అన్నాడు. నెల రోజులు నేను ఆ గడప తొక్కలేదు.

ఆయన బడిలో మార్కులు ఇరవైకి వేసేవారట. పద్నాలుగు వస్తే ఇంట్లో పాయసం వండేవాళ్ళట. బావకు జన్మలో ఒక్కసారి, డిక్టేషనులో పదహారు వచ్చింది. ఆ సంగతి మా వాళ్ళలో వినని మనిషి లేడు. ఇరవై ఎవరికీ వేయరట. ఎందుకంటే, దానిమీద ఇంకేం మిగలదట.

రెండువేల సంవత్సరం దాటాక, సింగపూరు నుంచి ఓడ షికార్లు మన వైపు బాగా ప్రచారంలోకి వచ్చాయి. చెన్నై ఏజెంట్లు గుంపులు కట్టి తీసుకుపోయేవారు. బావ నాకూ కలిపి మూడు టిక్కెట్లు తీశాడు. మా ఆయన ఆవుల్ని వదిలి రానన్నాడు. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు.

ఓడంటే నేను చేపల పడవకు పెద్దన్న అనుకున్నాను. అది ఒక ఊరు. అందులో లిఫ్టులున్నాయి. మొదటి సాయంత్రం భోజనాల హాలులో ఒక మనిషి వచ్చి నా ఒళ్ళో తెల్లగుడ్డ పరిచాడు. నలభై దాటినవాడు, చెవుల దగ్గర నెరిసింది. నాకు ప్రాణం చివుక్కుమంది. తిన్న పళ్ళెం నేనే తీసుకుని లేచాను. కడిగి పెడదామని.

వాడు బెదిరిపోయి తెలుగులో గొణిగాడు: "ఓలమ్మో, పెద్ద దొర సూస్తే నా పని అయిపోయినట్టే."

"నువ్వు తెలుగోడివా నాయనా?" అన్నాను.

పళ్ళెం ఆ చివర వాడు, ఈ చివర నేను. "ఏటీ, మీరూనా? మాది భీమిలి పెద్దమ్మా. మీదే ఊరు?"

"పాండి."

"పాండిలో తెలుగేటి?"

"మీ భీమిలిలో ఉంటే మాకు ఉండకూడదా?" అన్నాను. వాడు నవ్వి పళ్ళెం లాక్కున్నాడు.

ఆ హాలులో వాడి అవస్థ చూడాలి. పక్క బల్లల దగ్గర మా చెన్నై గుంపు. అన్నం, కూర, పెరుగు, ఐస్‌క్రీము అన్నీ ఒక్కసారే రావాలి. ఒకాయన ఆవకాయ సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. నేను ఊరమిరపకాయలు తెచ్చాను, దాచడమెందుకు. మా బావ మాత్రం కోటు వేసుకుని కూర్చుని, ఒకటి తిన్నాకే ఇంకొకటి తేవాలంటాడు. సూపు చల్లారితే వెనక్కి పంపుతాడు. మధ్యలో కబుర్లు. రెండు గంటలు. అక్క కునికిపాట్లు పడేది. అటువాళ్ళు "ఎంతసేపయ్యా?" అని అరుస్తుంటే, ఇటు బావ "ఏంది తంబీ, తరుముతుండావు?" అనేవాడు. వాడు ఇద్దరికీ నవ్వుతూనే వడ్డించాడు. బావ సూపు వెనక్కి పంపిన ప్రతిసారీ పొగలు కక్కేది తెచ్చిపెట్టాడు. మూడో పూటకి ఆయన అడగకుండానే బ్రెడ్డు వేడిచేసి తెచ్చాడు. "మనిషంటే వీడు" అన్నాడు బావ. ఆయన నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

రెండోనాడు ఓడ మలేషియా రేవులో ఆగింది. అక్కా బావా వాళ్ళ పాస్‌పోర్టు చూపించి దిగిపోయారు. నా పాస్‌పోర్టుకి వీసా కావాలట, ఏజెంటు తీయలేదు. "ఒక కడుపున పుట్టినోళ్ళమే, నాకేంది తక్కువ?" అని మెట్ల దగ్గర ఉన్నవాణ్ణి అడిగాను. వాడికి తెలుగు రాదు, బతికిపోయాడు. పోయి ఖాళీ హాలులో కూర్చున్నాను.

భీమిలివాడు గ్లాసులు తుడుస్తున్నాడు. టీ తెచ్చి ఇచ్చాడు. నాకు రాయడం వచ్చని చెబితే నమ్మలేదు. కాగితం గుడ్డ మీద అక్కావాళ్ళ ఉప్పళం విలాసం తెలుగులో రాసి చూపించాను. వాడు చదివాడు. మా కోడలు కాక నా తెలుగు రాత చదివిన మొదటి మనిషి వాడే. కింద ఇంగ్లీషులో తిరగరాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఓడ ఎలగుంది పెద్దమ్మా?" అని అడిగాడు.

"బాగుంది."

వాడి మొహం మారింది. "ఆ మాట కార్డు మీద మాత్రం రాయకండి" అని నాలుక కరుచుకున్నాడు.

గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆఖరి రోజున అందరికీ కార్డులిస్తారు. తిండికి, గదికి, పాటలకి, వడ్డించినవాడికి తలా ఒక వరస, ఒక్కో వరసకి నాలుగు గళ్ళు. మొదటి గడిలో, అంటే 'చాలా బాగుంది'లో, గీత పడితేనే లెక్క. రెండో గడి, అంటే 'బాగుంది', పడితే ఏం తక్కువ చేశావని పిలిచి అడుగుతారు. వాడి కాంట్రాక్టు ఆ వారంతో ఆఖరు. కిందటి నెలలో రెండు కార్డులు అట్లాగే పడ్డాయి. ఇంకా పడితే మళ్ళీ పిలవరు.

"మరి అడుక్కోవచ్చు గదా అందరినీ?"

"అడిగితే ఇప్పుడే దింపేస్తారు. మీకూ సెప్పకూడదు. తెలుగులో గాబట్టి నోరు జారింది."

"ఎవురు బాగా ఏస్తారు?"

వాడు గ్లాసు వెలుతురుకి పెట్టి చూశాడు. "ఆస్ట్రేలియావోళ్ళు భుజమ్మీద సెయ్యేసి మాటాడతారు, మొత్తం మొదటి గడే. జపానోళ్ళు వంగి దండం పెడతారు, ఒక్క మాటనరు, ఇంటికెళ్ళి రెండు పేజీలు తప్పులెంచి రాస్తారు. మనోళ్ళు టీ ఆలీసమైందని అరుస్తారు, పచ్చిమిరపకాయ తెచ్చిస్తే దీవిస్తారు. నాకు మొదటి గడి, ఓడకి నాలుగో గడి."

"ఫ్రెంచోళ్ళు?"

"మీ బావగారిలాగే. సంతోషంగా తింటారు, సంతోషంగా రెండో గడిలో గీస్తారు. ఎందుకో నాకు ఏడేళ్ళలో తెలీలేదు."

నాకు తెలుసు. టీ చల్లారిపోయింది, నేను తాగలేదు.

ఆఖరి రోజు పొద్దున బావ గదిలో కళ్ళద్దాలు పెట్టుకుని కార్డు ముందేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా అక్క చీరలు మడతపెడుతోంది. నేను పోయేసరికే ఆయన ముగించాడు. గీతలన్నీ రెండో గడిలో, స్కేలు పెట్టినట్టు వరసగా ఉన్నాయి.

"ఆ భీమిలోడికి ఏం ఏసినావు బావా?"

"వాడికా? అందరికన్నా గట్టిగా గీసినా చూడు."

"గట్టిగా గీస్తే కాదు. మొదటి దాంట్లో గీయాల. వాడి పని పోతాది." విన్నదంతా చెప్పాను.

బావ ఒప్పుకోలేదు. "అబద్ధం రాయమంటావా? మొదటిదంటే ఇరవైకి ఇరవై. నేను వాడికి ఇచ్చింది పదహారు. నాకొచ్చినంత ఇచ్చినా, ఇంకేం కావాల?"

"ఆ కార్డు చదివేటోడు నీ బడిలో చదివినాడా?"

"చదవకుంటే నేర్చుకోమను."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను గొంతు తగ్గిస్తాను. "ఆ టీచరమ్మ నాకు నూరు ఎందుకేసిందో తెలుసా నీకు? నా అక్షరాలు ముత్యాలని కాదు. మర్నాడు మళ్ళీ రావాలని. యాభై ఆరేళ్ళ ఆడది పలక పట్టుకుని వీధిలో నడిచిందని. నువ్వు తాంబూలం అన్నావు. అవును, తాంబూలమే. పిలిచి ఇచ్చింది. వాణ్ణి కూడా మళ్ళీ పిలవాలా వద్దా, అంతే కార్డు అడిగేది."

అక్క చీర మంచం మీద పడేసి, "నా కార్డు యాడ?" అంది. ఎప్పుడూ ఆమె కాగితాలన్నీ బావే నింపుతాడు. "ఈసారి నేనే నింపుకుంటా" అని పెన్ను లాక్కుని పైనుంచి కింది దాకా మొదటి గడిలో గీసేసింది, ఒక్కసారీ వినని బ్యాండు మేళానికి కూడా.

"అది నువ్వు చూడనే లేదు గదే!" అన్నాడు బావ.

"వాయించుంటారు లే, పాపం."

నేను నా కార్డు ఆయన ముందు పెట్టాను. "వాడి వరస ఏది?" బావ ఐదో వరస మీద వేలు పెట్టాడు. గీశాను. కింద ఖాళీలో తెలుగులో రాశాను: ఈయన మా ఇంటి మనిషిలాగా చూసుకున్నాడు. ఆఫీసులో ఎవరికీ అర్థం కాదని తెలుసు. రాయడం వచ్చు గదా, రాశాను.

బావ తన గీతలు మార్చలేదు. మార్చి ఉంటే ఆయన మా బావ కాడు. కానీ కార్డు తిప్పి, వెనకవైపు ఫ్రెంచిలో మూడు వాక్యాలు రాశాడు. ఏంది అది అంటే చెప్పలేదు. అక్క తర్వాత అడిగి చెప్పింది: నేను చదివిన చోట ఇంతకన్నా ఎక్కువ వేయరు, నాకు కూడా వేయలేదు, ఈ మనిషికి మాత్రం వేశాను, అని.

సుమారు ఏడాదికి ఉప్పళానికి ఓడ బొమ్మ ఉన్న కార్డు ఒకటి వచ్చింది. లోపలంతా తెలుగు. బావకూ అక్కకూ చదవడం రాదు. నాకు ఫోను చేసి, వెంటనే రమ్మన్నారు. బస్సెక్కి పోయాను. భీమిలివాడి రాత కోడి గీరినట్టుంది. వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, గట్టిగా చదివాను. నాలుగు నెలలు ఇంటి దగ్గర ఖాళీగా కూర్చున్నాడట. తర్వాత పిలుపు వచ్చిందట. ఇది వేరే ఓడ. మీరంతా కులాసానా అని అడిగాడు.

"నా మూడు ముక్కల సంగతి రాసినాడా?" అన్నాడు బావ.

ఇంకొకసారి మొత్తం చూశాను. "లేదు బావా."

ఆయన తల ఊపాడు. కార్డు తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. అప్పుడు, నా మొహం చూడకుండా అన్నాడు: "నీ చదువుకి పదహారు."

అక్క వంటింట్లోకి పోయి పాలు పొయ్యి మీద పెట్టింది. నేను పాయసం తాగి ఆఖరి బస్సుకి మా ఊరు పోయాను.