బావ వేసిన రీలు

దయ్యాలున్నయని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండేది. టూరింగు టాకీసుల ఆపరేటరుగ బతికినోణ్ణి నేను. లేనిదాన్ని ఉన్నట్టు చూపించుడే నా పని. నాకెవడు దయ్యాన్ని చూపిస్తడు? గట్లాంటి నేనే ఇది చెప్తున్న. నమ్మితే నమ్మున్రి, లేకుంటే లేదు. బతిమాలను.

ఎనభైల ముచ్చట. మా డేరా కారేపల్లి, చండ్రుగొండ, అటెన్క అడివి అంచున్న ఊర్లు తిరిగేది. వానలు పడితే బంద్. ఆపరేటరు మా దావీదు బావ, మా మరియక్క పెనిమిటి. నేనాయనకు అసిస్టెంటు. తిట్టి తిట్టి పని నేర్పిండు. తిట్టినంక బీడీ ఇచ్చేటోడు.

మా అక్కదొక బాధ. సినిమాల ఎవరన్నా చచ్చిపోతే ఆ రాత్రి అన్నం ముట్టేది కాదు. "అంతా ఉత్తదే అక్కా, ఆ యేషమేసినామె ఈపాటికి మద్రాసుల కాఫీ తాగుతుంటది" అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. అక్క తినకపోతే బావ తినడు. అందుకని బావ ఒక ఉపాయం పట్టిండు.

మాది ఒక్కటే ప్రొజెక్టరు మిషన్. ఒక రీలు అయిపోంగనే లైట్లేసి, ఇంకో రీలు ఎక్కించాలె. అక్క ఆటకొచ్చిన రోజు, తల్లి పాత్ర చచ్చిపోయిన రీలు కాంగనే, పాడె లేపే చివరి రీలు పక్కకు పెట్టేటోడు. చావు రీలుకు ముందు నడిచిన రీలే తిరగజుట్టి మళ్ళ ఎక్కించేటోడు. చచ్చినామె లేచి నవ్వుకుంట అన్నం వడ్డించేది. ఆట గక్కడనే ఖతం. అక్క నిమ్మళంగ ఇంటికిపోయి తినేది.

జనం మొదట్ల లొల్లి చేసిన్రు. తర్వాత అలవాటైపోయింది. టికెట్టు కొనేముందు "ఇయ్యాల అక్కొచ్చిందా?" అని అడిగేటోళ్ళు. వచ్చిందంటే, "అయితే రేపొస్తంలే" అని మర్లిపోయేటోళ్ళు. మా ఓనరు నెత్తి కొట్టుకునేటోడు. చర్చిల అయ్యగారైతే ఒకసారి అందరి ముందల్నే అన్నడు, "సచ్చినోళ్ళను లేపేది దేవుడొక్కడే దావీదూ, నువ్వు జర ఆగు" అని. బావ నవ్వు ఆపుకోలేక బయటికి పోయిండు.

గట్లాంటి మనిషి కామెర్లతోని పోయిండు. పసరు తాగిపిచ్చినం, ఖమ్మం దవాఖానకు తీస్కపోయినం. దక్కలే.

అక్క ఏడ్వలే. బావను పెట్టిన బొందల అందరితోని మట్టేసింది, ఇంటికొచ్చి ఇద్దరికి బియ్యం కడిగింది. "ఆయన సినిమా ప్రింటు తేను బెజవాడ పోయిండు, వస్తడు" అన్నది. ఆదరణ కూడిక, గదే పోయినోళ్ళ ఇంట్ల చేసే ప్రార్థన, పెట్టినప్పుడు వచ్చినోళ్ళందరికి చాయ్ పోసి, "ఆయనొచ్చినంక ఇంకోసారి రాండి అయ్యగారూ" అన్నది. అయ్యగారు బైబిలు మూసి కండ్లు తుడుసుకున్నడు.

ఆయన రాకముందు తినుడు అక్కకు అలవాటు లేదు. "రానియ్యిరా, ఇద్దరం తింటం" అనేది. బలవంతపెడితే గింత గంజి. నా కండ్ల ముందే మనిషి సగమైంది. మా అమ్మ నా చెయ్యి పట్టుకొని, "ఏడుపు లోపల్నే ఉంటే మనిషిని తినేస్తది. దాన్ని ఎట్లన్నజేసి ఏడిపియ్యి కొడుకా, లేకుంటే ఇది కూడ దక్కది" అన్నది.

నాకు తెలిసింది సినిమా ఒక్కటే. బావ మిషన్ ఇప్పుడు నా చేతిలనే ఉంది. చండ్రుగొండల డేరా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోయే బొమ్మ ఒకటొచ్చింది. పొద్దుగూకంగనే మొదటాటకు అక్కను తీస్కపోయి ఆడోళ్ళ పక్క కూసోబెట్టిన. ఈసారి చావు, పాడె అన్నీ సక్కగ చూపియ్యాలె, అక్క ఏడ్వాలె. గదీ నా ప్లాను.

చావు రీలు అయింది. లైట్లేసిన. అందరు ముక్కులు చీదుతున్నరు. అక్క కండ్లల్ల చుక్క లేదు. వెనక్కు తిరిగి మిషన్ దిక్కే చూస్తున్నది, బావ అక్కడున్నట్టు.

చివరి రీలు తీసిన. మొదట్ల రాసున్న నంబరు చదివిన. నా చేతులతోనే ఎక్కించిన. లైట్లార్పి మిషన్ నడిపిన.

తెర మీద ఆ తల్లి నవ్వుకుంట అన్నం వడ్డిస్తున్నది.

ఎవడో ఈలేసిండు. "అక్కొచ్చిందిరో!" అని ఇంకొకడు. అంతల్నే దావీదు లేడని యాదికొచ్చినట్టుంది, అందరి తలకాయలు మిషన్ దిక్కు తిరిగినయి.

నేను బల్ల దిక్కు చూసిన. అన్నం వడ్డించే రీలు బల్ల మీదనే ఉంది. ఒకసారి నడిచిన రీలు తలకిందులుగ చుట్టుకుంటది, తిరగజుట్టకుండ మళ్ళ ఆడదు. దాన్ని ఎవరు తిరగజుట్టలే. నా చెయ్యి స్విచ్చి దాక పోయింది గాని ఆపబుద్ధి కాలే. భయమైతే అయింది, అబద్ధమెందుకు. కాని బావ మీద ప్రేమ, పావురమే ఎక్కువైంది. ఆడనిచ్చిన.

అయిపోయినంక లైట్లేసి, మిషన్ మీది రీలు దించిన. వెచ్చగుంది. కొసను గుంజి బల్బుకు అడ్డం పెట్టి చూసిన. పాడె. కట్టెలు. ఏడ్సే కొడుకు. అది చివరి రీలే. ఆడింది అదే. తెర మీద పడ్డది వేరే.

ఎనక నుంచి అక్క గొంతు వినబడ్డది.

"పోయిండు తమ్మీ."

బావ పోయినంక ఆ మాట ఆమె నోట వచ్చుడు అదే మొదలు.

"నాకోసం ఒక్కసారి లేపి చూపెట్టి పోయిండు. ఇగ చివరి రీలు వెయ్యి, చూస్త."

ఆ రీలే తిరగజుట్టి మళ్ళ ఎక్కించిన. ఈసారి పాడె లేచింది. అక్క నా పక్కన్నే నిలబడి చూసింది. ఎన్నడూ పెనిమిటి పేరు నోట పలకని మనిషి, "దావీదూ... ఓ దావీదూ" అని పిలుసుకుంట నేల మీద కూలబడ్డది. డేరాల ఆడోళ్ళంత ఉరికొచ్చి పట్టుకున్నరు. వాళ్ళూ ఏడ్సిన్రు, నేనూ ఏడ్సిన. ఇంటికి పోతుంటే దారిల "ఆకలైతుందిరా" అన్నది. ఆ మాటకు మళ్ళ ఏడ్సిన.

తెల్లారి ప్రింటు మొత్తం చేత్తోని గుంజి చూసిన. ఏ రీలుల ఏది ఉండాల్నో అదే ఉంది. పెద్ద ఆపరేటర్లను అడిగిన. నిద్రలేక నువ్వే రీళ్ళు మార్చినవన్నరు. సరే, నా మతి తప్పిందనుకుందాం. మరి బల్ల మీద రీలు తిరగజుట్టకుండ ఎట్లుంది? నా చేతుల రీలు ఎందుకు వెచ్చగుంది?

అక్కను ఒక్కసారే అడిగిన, అది బావ దయ్యమంటవా అని. చేటతోని నెత్తిన ఒక్కటేసింది.

"దయ్యమేందిరా? మా ఆయన డ్యూటీకొచ్చిండు."