కుప్పం మేడం పాడ్‌కాస్టూ, నా కడుపుమంటా

యూనివర్సిటీలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, మదనపల్లె చుట్టుపక్కల నాకంటే బాగా ఫిజిక్స్ చెప్పేవాడు లేడని గట్టిగా నమ్మేవాణ్ణి. క్లాసులో పిల్లలు ఆవలిస్తే రాత్రి సరిగా నిద్రపోలేదేమో పాపం అని జాలిపడ్డానే గానీ, నా పాఠం మీద నాకు అనుమానం రాలేదు. (వయసు అట్లాంటిది.) పుంగనూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో మదనపల్లెకు పోయి వచ్చేవాణ్ణి. ఒక పొద్దున ఆ బస్సులో మా సెకండియర్ అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తనలో తాను నవ్వుకుంటూ కనబడింది. ఏడాదిగా నా క్లాసులో ఆ పిల్ల నవ్వగా నేను చూసి ఎరగను. "ఏం పాటమ్మా అది?" అన్నాను.

"పాట కాదు సార్, కుప్పం మేడం పాడ్‌కాస్ట్! కోసిన టమాటా గంపలో ఉండి ఎట్లా ఎర్రబడతాదో చెప్తాండారు," అని కాస్త ఆగి, "సార్, నేను ఫిజిక్స్ మానేసి బాటనీకి మారదామనుకుంటాండా," అంది.

కుప్పం మేడం నాతోపాటే చేరిన బాటనీ లెక్చరర్. ఊరు కుప్పం కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టుకున్నారు. సైన్సంటే భయపడే పిల్లల కోసం వారానికొకసారి పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి పెట్టేది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ మెచ్చుకుంటుంటే నేనూ "చాలా బాగుంది మేడం" అన్నాను. (అప్పటికి ఒక్కటీ వినలేదు.) ఇప్పుడు నా విద్యార్థినే ఎత్తుకుపోతోందంటే ఎట్లా ఊరుకోను? ఆ ఆదివారమే నా పాడ్‌కాస్ట్ మొదలైంది. బయటి మోత పడకూడదని దుప్పటి కప్పుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నలభై నిమిషాలు మాట్లాడాను. నాలుగు వారాలు చెమటలు కక్కుకుంటూ అట్లాగే చేస్తే విన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. అందులో ఒకణ్ణి నేనే.

అయిదో వారం ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం. ముగించి దుప్పటి తీసేసరికి పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడుంది.

"యాలప్పా, నీలో నువ్వే మాట్లాడుకుంటాండావు? సంగటి సల్లారిపోయె."

"పాఠం పెద్దమ్మా. వేడిది చల్లారుతుంది గానీ, చల్లారింది దానంతట అది మళ్లా వేడెక్కదు, అని."

"నేను సంగటి గురించి చెప్పిండేదీ అదే గదా! దీనికి ఇంతసేపా?"

నాకు ఒళ్లు మండింది. "ఆ కుప్పం మేడం టమాటా గురించి చెప్తే మాత్రం అందరూ వింటారు! ఆమె గొంతు బాగుంది, అంతే. సరుకేం లేదు!"

"నీది కడుపుమంట నాయనా. సంగటి తిను, తగ్గుతాది."

తిన్నాను. తిని, మళ్లీ ఒకసారి వినకుండానే (నా పాఠం పూర్తిగా వినే ఓపిక నాకూ లేదు) ఎక్కించేశాను. రికార్డింగు ఆపడం మర్చిపోయానని సోమవారం క్లాసులోకి అడుగుపెట్టాకే తెలిసింది. ఎప్పుడూ ఖాళీగా ఉండే వెనక బెంచీలు కూడా నిండిపోయి ఉన్నాయి. ఎవరో "సంగటి సల్లారిపోయె" అన్నారు, గదంతా పగలబడి నవ్వింది. బస్సులో కనబడిన ఆ అమ్మాయి మాత్రం లేచి, "సార్, రెండో నియమం అంటే ఇంతేనా? నిరుడంతా దీనికి భయపడి చచ్చినా సార్," అంది.

మధ్యాహ్నం కుప్పం మేడం నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి టిఫిన్ బాక్సు తెరిచి పెట్టింది. లోపల రాగి సంగటి. "తినండి సార్. మంట తగ్గుతాదంట గదా," అంది. నాకు తల పైకి రాలేదు. తప్పయిపోయిందని గొణిగాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీవి అయిదూ విన్నాను సార్, పూర్తిగా. సరుకుండాది. మధ్యలో ఎదురు అడిగేవాళ్లే లేరు. మీ పెద్దమ్మను వదలొద్దండి." నావి పూర్తిగా విన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెవి నేను ఒక్కటీ వినలేదు. ఆ సాయంత్రం వరసగా అన్నీ విన్నాను. గొంతే కాదు, సరుకూ ఉంది. అది ఒప్పుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది.

తర్వాత పెద్దమ్మ అడగడం, నేను చెప్పడం. కుక్కరు ఈలెందుకేస్తుంది, కుండలో నీళ్లెందుకు చల్లబడతాయి. పది నిమిషాలు దాటితే ఆమే "సాల్లే" అనేది. ఆ అమ్మాయి ఫిజిక్స్‌లోనే ఉండిపోయింది. నేను గెలిచానని ఛాతీ విరుచుకునేలోపల పిల్లలు దాన్ని 'పెద్దమ్మ పాడ్‌కాస్ట్' అని పిలవడం మొదలుపెట్టారు. "మా వాడూ మాట్లాడతాడు మధ్యమధ్యలో," అని ఆమె వీధిలో చెప్పుకుంటుంటే, అరవై దాటిన పెద్దమ్మ మీద నాకు రెండు రోజులు కుళ్లు.

మొన్న ఫోన్లో పాత ఫైళ్లు తుడిచేస్తూ ఆ మొదటి నలభై నిమిషాలు విన్నాను. ఊపిరాడక రొప్పుతూ, లోకమంతా వింటోందన్న ధీమాతో మాట్లాడుతున్నాడు ఆ కుర్రాడు. ఎంత కుళ్లుబోతో, ఎంత కష్టజీవో! తుడిచెయ్యబుద్ధి కాలేదు. కుప్పం మేడం తప్ప ఎవరూ వినని ఆ పాఠాన్ని, వాడి కోసం, చివరిదాకా విన్నాను.